ఎర్రగ్రహం మీద పాలు పొంగాయి

అనగనగా, చుక్కల దారిన ఓడలు నడిచే రోజుల్లో, హేమకూటమనే రాజ్యం ఉండేది. అక్కడ వానలు కురవడం మానేసి చాలా ఏళ్లయింది. రాజు విజయకేతుడు ప్రజలను ఎర్రగ్రహానికి తరలిద్దామనుకున్నాడు. అక్కడ నేలకు కొదవ లేదు. కాని నీళ్లన్నీ మంచుగడ్డలు, గాలి బహు పలచన.

సేనాపతి ఉగ్రసేనుడు మీసం దువ్వాడు. "ప్రభూ, మన అణుబాంబులు ఊరికే పడున్నాయి. ఆ గ్రహం నెత్తిన ఆకాశంలో పేల్చామంటే మంచు కరుగుతుంది, ఆవిరి లేచి గాలిలా కమ్ముకుంటుంది. ఇక కాపురం పెట్టడమే తరువాయి!"

రాజు సరేననగానే గ్రహం ఉత్తర కొన మీద ఒకటి పేల్చారు. చిన్న సూర్యుడు పుట్టి ఆరిపోయినట్టయింది. ఆవిరి లేచింది, మళ్లీ మంచై రాలింది. దక్షిణ కొన మీద ఇంకొకటి పేల్చారు. కొండలకు మబ్బు పట్టింది, అదీ నిలవలేదు. మూడోసారి రెండు కొనల మీదా కలిపి పేల్చారు. లోయలో చెమ్మ మెరిసింది.

"అయిపోయింది ప్రభూ, ముహూర్తం పెట్టించండి!" అన్నాడు సేనాపతి.

బావులెండిన ఊళ్లవాళ్లు పిల్లాపాపలతో పెద్ద ఓడలెక్కి కూర్చున్నారు. ఆ ఓడలకు వెళ్లడానికే ఇంధనం ఉంది, తిరిగి రావడానికి లేదు.

కొత్త ఇంట్లో ఆడపడుచు పాలు పొంగించాకే ఇంటివాళ్లు అడుగుపెట్టడం వాళ్ల ఆచారం. అందుకని రాజు చెల్లెలు కువలయను, తోడుగా సేనాపతిని చిన్న ఓడలో ముందుగా పంపారు.

కువలయ గాలితొడుగు వేసుకుని లోయలో దిగింది. కరెంటు పొయ్యి మీద గిన్నె పెట్టి పాలు పోసింది. మీట నొక్కకముందే పాలు బుస్సుమని పొంగి పొర్లాయి!

"శుభం తల్లీ! ఈ నేల మనల్ని రమ్మంటోంది!" అని సేనాపతి అక్కడినుంచే రాజుకు కబురు పెట్టాడు. రాజధానిలో మేళాలు మోగాయి.

కువలయకు మనసొప్పలేదు. ఆచారం ప్రకారం మిగిలిన పాలలో బియ్యం వేసి, మీట నొక్కింది. పాలు కుతకుతలాడి ఇగిరిపోయాయి. వేడి కొలిచి చూస్తే స్నానానికి తోడుకునే నీళ్లంత కూడా లేదు.

"సేనాపతిగారూ, పైన అదిమిపట్టే గాలి లేదు. అందుకే పాలు చల్లగానే మరిగిపోతున్నాయి."

"మేళాలు మోగాక ఆ మాటంటే మీ అన్నగారి పరువేం కావాలమ్మా?"

"పరువు కోసం పసిపిల్లల్ని ఇక్కడ దింపమంటారా?"

ఆమె తిరిగొచ్చి నిండు సభలో గిన్నె రాజు ముందు పెట్టింది. "అన్నయ్యా, ప్రవేశం నాటి పరమాన్నం. రుచి చూడు."

రాజు నోట్లో వేసుకుని పటుక్కున కొరికాడు. "ఇదేమిటే! పచ్చి బియ్యం!"

"పాలు పొంగిన మాట నిజమే, అన్నయ్యా. అన్నం ఉడకని మాటా నిజమే. మూడుసార్లు పేల్చినా అక్కడ గాలి నిలవలేదు. తొడుగు తీస్తే ఊపిరాడదు."

"ఇంకొక్క బాంబు..." అని నసిగాడు సేనాపతి.

రాజు గిన్నె అతని ముందుకు జరిపాడు. "ముందు మీరు ఇది తినండి."

ఆ పూటే అందరినీ ఓడల నుంచి దించేశారు. కొత్త గ్రహానికని ఎక్కించిన తవ్వుడు యంత్రాలతో రాజు దూరపు మంచుకొండల్లో పుట్టే నది నుంచి ఎండిన ఊళ్లకు కాలువలు తవ్వించాడు.

నలుగురూ శుభమని సంబరపడుతున్నా, తరచి చూసి ఉన్నదున్నట్టు చెప్పేవారే ఆ నలుగురినీ కాపాడతారు.