పిల్లలకు అందని సబ్బుపొడి

గుమ్మడివలసలో పొట్నూరు వారింట్లో చదవకుండా ఏ పనీ చెయ్యరు. ఈ మాట ఊళ్ళో వాళ్ళు అన్నది కాదు. పొట్నూరు వారే అన్నారు, అదీ రోజూ అన్నారు. అగ్గిపెట్టె కొన్నా దాని మీద అక్షరాలన్నీ అయ్యాకే పుల్ల గీసేవాళ్ళు. ఈలోగా కాచాల్సిన పాలు విరిగిపోయేవి. ఇంటిపెద్ద గవర్రాజు గట్టిగా చదివేవాడు, భార్య ముత్యాలమ్మ తల ఊపేది, తమ్ముడు పైడిరాజు విన్నది విన్నట్టు చేసేవాడు. అర్థం చేసుకునే పని మాత్రం ముగ్గురిలో ఎవరికీ అప్పగించలేదు.

అరుగు మీద కూర్చుని గవర్రాజు ఊరి జనాన్ని చూసి జాలిపడేవాడు. కొన్న వస్తువు మీద ఏం రాసుందో చూసుకోకుండా ఎలా బతికేస్తున్నారో పాపం, అనేవాడు. జనం కూడా అతన్ని చూసి జాలిపడేవాళ్ళు, కానీ పైకి అనేవాళ్ళు కాదు.

ఆ వేసవిలో వాళ్ళు వాషింగ్ మెషీన్ కొన్నారు. బిగించడానికి వచ్చినతను గొట్టం తగిలించి, పోతూ పోతూ ఒక మాట చెప్పాడు. ఏ సబ్బు పడితే అది వెయ్యకండి, రెండు మూడు రకాలు వాడి చూసి, ఏది బాగుంటే అదే ఉంచుకోండి అని. అంతే. పైడిరాజు వెళ్ళి మూడు రకాలు తెచ్చాడు. నీలం పొట్లంలో ఒక పొడి, పసుపు పొట్లంలో ఒక పొడి, సీసాలో చిక్కటి లిక్విడ్. పొట్లాలు మామూలువి కావు, ఒక్కొక్కటి బియ్యం బస్తాకి చెల్లెలిలా ఉంది.

గవర్రాజు కళ్ళజోడు పెట్టుకుని మొదలుపెట్టాడు. మూడింటి మీదా ఒక మాట మాత్రం ఒకేలా ఉంది: పిల్లలకు అందకుండా ఉంచండి.

ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఐదో తరగతి పాసైన కుసుమ, దాని తమ్ముడు రాజబాబు. ఇంటిల్లిపాదిలో కాస్త బుర్ర ఉన్నది వీళ్ళకే. పెద్దవాళ్ళ దగ్గర చదువుకోవడం ఇంకా మొదలుపెట్టలేదు మరి.

గవర్రాజు పొట్లాలు అటక మీద పెట్టి, పిల్లల్ని పిలిచి, మీకు అందుతాయేమో చూడండి అన్నాడు. రాజబాబు బియ్యం డబ్బా ఎక్కి, అక్కణ్ణుంచి కిటికీ ఎక్కి, పొట్లం తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. దూలానికి వేలాడగట్టారు. కుసుమ దోటీ తెచ్చి లాగింది. ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశారు. ఆ ఇంట్లో తాళంచెవి ఎక్కడుందో పెద్దవాళ్ళకి ఎప్పుడూ తెలీదు, పిల్లల్నే అడగాలి. వాళ్ళు తెచ్చి ఇచ్చారు. తల్లిదండ్రుల ముఖాలు పాలిపోయాయి. పిల్లలకేమవుతుందోనని అంత భయం వాళ్ళకి. ప్రేమకేం తక్కువ లేదు ఆ ఇంట్లో, తక్కువైంది వేరే.

గవర్రాజు మళ్ళీ చదివాడు. ఉంచండి అని రాశారు కాబట్టి పొట్లాలు ఉండాల్సిందే. ఇక ఇంట్లోంచి పోవాల్సింది ఎవరో తేలిపోయింది.

ఇంకేముంది, పిల్లల బట్టలు సంచుల్లో సర్ది పార్వతీపురంలో మేనమామ సింహాచలం ఇంటికి బస్సెక్కించారు. మళ్ళీ ఎప్పుడు తీసుకొస్తావు నాన్నా అని కుసుమ అడిగితే, సబ్బు అయిపోగానే తల్లీ అన్నాడు. మొగుడూ పెళ్ళాలు గొడవపడ్డారనుకుని సింహాచలం కారణం అడగలేదు. ఫోన్లో ఒక్కటే చెప్పాడు: బడులు తెరిచేలోగా వచ్చి తీసుకెళ్ళండి, లేకపోతే ఇక్కడి బడిలోనే చేర్పించేస్తాను, ఏడాదంతా నా దగ్గరే ఉంటారు, వాళ్ళ చదువు మాత్రం పాడవనివ్వను.

ఆ మాట విన్న దగ్గర్నుంచి ముత్యాలమ్మకి అన్నం సయించలేదు. పూటపూటా చిన్న కంచాలు రెండూ తీసి పీట ముందు పెట్టేది, గుర్తొచ్చి మళ్ళీ గూట్లో పెట్టేది. ఇక సబ్బు అవగొట్టడమే పనిగా పెట్టుకున్నారు ముగ్గురూ.

కానీ ముందు ఏది బాగుందో తేల్చాలి కదా. మూడు సబ్బులకీ అన్యాయం జరగకూడదని గవర్రాజు తన కొత్త పంచె తీసి మూడు ముక్కలు చేశాడు. ముక్కముక్కకీ సమానంగా కాఫీ పోశారు. ఒక ముక్క ముందూ ఒక ముక్క వెనకా వేస్తే పక్షపాతం అవుతుందని మూడింటినీ ఒకేసారి మెషీన్లో వేసి, మూడు సబ్బులూ ఒకేసారి వేశారు. ఏ సబ్బు ఏ ముక్కకి పోతుందో ఎలా తెలుస్తుందని ముత్యాలమ్మకి అనుమానం వచ్చింది. ఆ ఒక్కసారీ ఆమెకి సరైన అనుమానమే వచ్చింది గానీ, పైడిరాజు తీర్చేశాడు. మూత వెయ్యకముందు తొంగిచూసి, నువ్వు నీలం పొట్లానివి, నువ్వు పసుపుదానివి, నువ్వు సీసావి అని ముక్కలకి విడివిడిగా చెప్పాడు. మూడు ముక్కలూ ఒకేలా తెల్లగా వచ్చాయి. మూడు సబ్బులూ మంచివే అని తీర్పు చెప్పి, నడుముకి తువ్వాలు చుట్టుకుని తృప్తిగా కూర్చున్నాడు గవర్రాజు.

ఆ తర్వాత ముత్యాలమ్మ చీర వంతు వచ్చింది. తెల్లచీర, ఎర్ర అంచు, వాళ్ళమ్మ పెట్టింది. తెల్లవి, రంగువి వేరుచేసి ఉతకండి అని నీలం పొట్లం మీద ఉంది. పైడిరాజు కత్తెర తెచ్చి శ్రద్ధగా అంచు మొత్తం వేరు చేశాడు. వంకర పోకుండా కత్తిరించావురా అని అన్న మెచ్చుకున్నాడు. ముత్యాలమ్మ అంచు ఒక చేత్తో, చీర ఒక చేత్తో పట్టుకుని కాసేపు నిలబడింది. పిల్లలు రావాలంటే తప్పదు అనుకుని రెండు విడతలుగా ఉతికింది.

ఎంత ఉతికినా సబ్బు తరగలేదు. ఒక చెంచా చాలు అని రాసి ఉంది. చాలు అన్నాక ఇంకో చెంచా వెయ్యడానికి పొట్నూరు వారికి మనసొప్పలేదు. పక్కింటి అప్పలనరసమ్మ వచ్చి, పారబొయ్యండి, లేకపోతే నాకిచ్చెయ్యండి అంది. పారబొయ్యమని ఎక్కడ రాసుందో చూపించమన్నాడు గవర్రాజు. ఆమెకి ఇవ్వడానికీ ముత్యాలమ్మ ఒప్పుకోలేదు. నీకు మనవలున్నారు పిన్నీ, వాళ్ళకేమైనా అయితే ఆ పాపం నేను మొయ్యలేను అంది.

ఇంట్లో మురికిబట్టలు అయిపోయాయి. వీధిలో వాళ్ళవి తెచ్చుకుని ఉతికారు, అవీ అయిపోయాయి. శుభ్రమైన బట్టలు వెయ్యడానికి లేదు, మురికి బట్టల కోసం అని పొట్లం మీదే ఉంది. అంతే, పైడిరాజు ఉతికిన చొక్కా వేసుకుని గేదెల మడుగులో పొర్లి వచ్చాడు. విప్పి ఇచ్చి, ఇంకో చొక్కా వేసుకుని మళ్ళీ వెళ్ళాడు. తిరగలేక చివరికి ఉన్న చొక్కాలన్నీ ఒకదాని మీద ఒకటి తొడుక్కుని దిగాడు. బురద పై చొక్కాకే అంటింది, లోపల వాటికి అంటలేదు. గేదెలు మడుగు వదిలి గట్టెక్కి అతన్నే చూస్తూ నిలబడ్డాయి. అవి ఏమనుకున్నాయో గానీ, అతని కన్నా మెరుగైన ఆలోచనే అయ్యుంటుంది. ఇంట్లో మిగిలిన కుసుమ గౌన్లూ రాజబాబు నిక్కర్లూ పైడిరాజుకి పట్టవు కాబట్టి, ముత్యాలమ్మ వాటిని తాడుకి కట్టి తనే బురదలో ఈడ్చుకొచ్చేది, ఏడుస్తూ ఉతికేది. గౌన్ల మీద పువ్వులు వెలిసిపోయాయి గానీ పొట్లం మాత్రం నిండుగానే ఉంది.

రేపటి ఆదివారం దాటితే సోమవారం బడి. ముత్యాలమ్మ పొట్లం పక్కన కూలబడి, ఇక నా పిల్లలు రారు అంది. అప్పుడు పైడిరాజుకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. పిడుగు కూడా మెరుపుతోనే వస్తుంది.

"అన్నయ్యా, ఒక చెంచా అన్నారు గానీ ఎంత చెంచా అన్నది రాయలేదు కదా."

గవర్రాజు పొట్లం అటూ ఇటూ తిప్పి చదివాడు. నిజమే, రాయలేదు. తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడు. వెంటనే కమ్మరి కొలిమికి వెళ్ళి, మట్టి ఎత్తే పార కంటే పెద్ద చెంచా చేయించారు. ఇంత చెంచా ఎందుకయ్యా అని కమ్మరి అడిగితే, పిల్లల కోసం అన్నారు.

ఆ చెంచాలో నీలం పొట్లం, పసుపు పొట్లం, సీసా అన్నీ పట్టేశాయి. ఒక్క చెంచా. నియమం ఎక్కడా తప్పలేదు. మెషీన్లో వంచి మీట నొక్కారు.

ఇంకేముంది. మొదట మూత లేచింది. తర్వాత నురగ లేచింది. గచ్చు నిండింది, వంటింట్లోకి పోయి పొయ్యి ఆర్పింది, పీటలు, చెంబులు తేల్చుకుంటూ వాకిట్లోకి వచ్చి, అరుగు దిగి వీధిలో పడింది. వీధిలో పిల్లలంతా కేకలేసుకుంటూ వచ్చి నురగలో దూరారు. గవర్రాజుకి పై ప్రాణాలు పైనే పోయాయి. సబ్బు పిల్లలకి అందేసింది. ఇంటింటికీ పరిగెత్తి, మీ పిల్లల్ని వెంటనే మేనమామల ఇళ్ళకి పంపించెయ్యండి, ఆలస్యం చెయ్యకండి అని బతిమాలాడు. అప్పలనరసమ్మ మనవలిద్దరినీ చెవి పట్టి నురగలోంచి లాగి, గవర్రాజు కేసి చూసి, నిన్ను పంపడానికి ఎవరూ లేరా నాయనా అంది.

ఏమైతేనేం, సబ్బు అయిపోయింది. పొట్లాలు దులిపి, సీసా బోర్లించి, ముగ్గురూ ఆదివారం బస్సెక్కారు.

పార్వతీపురంలో పిల్లలు పొద్దున్నుంచీ తల దువ్వుకుని, సంచులు పట్టుకుని గుమ్మంలోనే కూర్చున్నారు. ముత్యాలమ్మ పరిగెత్తుకెళ్ళి కుసుమని వాటేసుకుంది. వాటేసుకున్నప్పుడు దాని భుజం మీంచి పెరడు కనబడింది. పెరట్లో కుళాయి పక్కన, రాజబాబు మోకాలి ఎత్తు గట్టు మీద, మూతి విప్పిన నీలం పొట్లం ఉంది. ముత్యాలమ్మ కుసుమని వదిలేసి, ఎదురొచ్చిన సింహాచలం కేసి తిరిగింది.

"తమ్ముడూ, అదేంటి?"

"సబ్బుపొడి అక్కా."

"పిల్లలకి అందేలా పెట్టావా?"

"అందక ఏం, రోజూ అత్తకి అందించేది నేనే కదా," అంది కుసుమ.

గవర్రాజు బావమరిదిని చూసిన చూపు చెప్పక్కర్లేదు. అక్షరం ముక్క రానివాడి ఇంట్లోనా తన బిడ్డల్ని ఉంచింది? పైడిరాజు అప్పటికే పొట్లం మూతి మడిచి చంకలో పెట్టుకున్నాడు. దీన్ని ఈ క్షణమే పిల్లలకి దూరంగా తీసుకుపోవాలి, ఆ తర్వాతే ఏదైనా, అన్నాడు గవర్రాజు. సింహాచలానికి ఏమీ అర్థం కాలేదు. పిల్లల్ని మీరు తీసుకుపోండి బావా, పొట్లం ఇక్కడే ఉంటుంది, అన్నాడు. ఇక్కడే ఉంటే వచ్చే సెలవులకి పిల్లలు రారా అని గవర్రాజు ఎదురు ప్రశ్న వేశాడు.

కుసుమ సంచి కింద పెట్టలేదు. "నాన్నా, మేం మీతో వచ్చేస్తే అది మాకు అందదు కదా."

గవర్రాజు దాని తల నిమిరాడు. చిన్నపిల్ల, ఇంకా చదువు చాలలేదు. ఇది అయిపోగానే వచ్చేస్తాం తల్లీ అని చెప్పి, పొట్లం తీసుకుని అన్నదమ్ములిద్దరూ వెనక్కి చూడకుండా బస్సెక్కారు. ముత్యాలమ్మ మాత్రం వెనక్కి చూసింది. పొట్లానికీ పిల్లలకీ మధ్య ఎంత దూరం ఉందో కొలుచుకోవడానికి.

బస్సులో ముందు సీట్లో ఒకావిడ ఒళ్ళో పసివాడున్నాడు. అంతే, దిగిపోయారు. తర్వాతి బస్సులోనూ పిల్లలే. పిల్లలు లేని బస్సు ఆ దారిలో ఎప్పుడూ నడవలేదు. ఇక నడుచుకుంటూ బయల్దేరి, దారిలో ఏ ఊరు వచ్చినా పిల్లల గొంతు వినబడితే పొలాలకి అడ్డం పడి, సోమవారం బడిగంట కొట్టే వేళకి ఇల్లు చేరారు.

కాసేపటికి హెడ్మాస్టరు సూర్యనారాయణ గారు వాళ్ళ గుమ్మంలోకి వచ్చారు. బడి తెరిచామయ్యా గవర్రాజూ, మీ పిల్లలిద్దరూ రాలేదేం అని అడిగారు.

గవర్రాజు కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నా లేచి నిలబడ్డాడు. "ఏం భయం లేదు మాస్టారూ, పిల్లలు క్షేమం. పొట్లం మా దగ్గరే ఉంది."

మాస్టారు ఆ ముఖం కేసి చూశారు, పైడిరాజు చంకలో ఉన్న దాని కేసి చూశారు, హాజరు వేసుకోవాలంటూ వెళ్ళిపోయారు. ముత్యాలమ్మ చిన్న కంచాలు రెండూ తుడిచి గూట్లో పెట్టింది, చెంగు నడుముకి బిగించింది. చెంగుకి అంచు లేదు.

"పైడిరాజూ, ఆ చెంచా ఇలా తీసుకురా నాయనా," అంది. "సాయంత్రం బస్సుకే వెళ్ళి పిల్లల్ని తెచ్చుకుందాం."