లేయమ్మ విడిచిన మూల

ఎప్పటిదో మాట. మీ తాతకు తాత కూడా ఉయ్యాలలో ఉన్న కాలం. ఎర్రనేలల మధ్య ఒక చిన్న వాడ ఉండేది. వాడలో మట్టిగోడల ప్రార్థన గుడి ఉండేది. ప్రార్థన జరిగినప్పుడల్లా ఆ గుడి గడప బయటే లేయమ్మ అనే ముసలామె నిలబడి ఉండేది. ఊఁ కొట్టండి మరి, లేకపోతే ఇక్కడే ఆపేస్తాను.

లేయమ్మకు జానెడు భూమి లేదు. కలుపు తీసే కూలికి పోయేది. చేనంతా శుభ్రంగా తీసేది కానీ, ఒక్క మూల మాత్రం ముట్టుకునేది కాదు. ఆ మూలలో గురుగు కూర, తుమ్మి కూర, దొగ్గలి కూర లాంటి తినే కలుపు ఆకులు ఇష్టమొచ్చినట్టు పెరిగేవి, పూసేవి, గింజ రాల్చేవి.

చేను ఇస్సాకు పెద్దయ్యది. గుడికి కూడా ఆయనే పెద్ద. మనసు మంచిదే, నోరే కాస్త పెద్దది.

"ఏం లేయమ్మా, గా మూల ఎందుకిడ్సినవ్? కూలిచ్చేది కలుపు పెంచనీకా?"

లేయమ్మ నడుం పట్టుకుని లేచి అడిగేది. "పెద్దయ్యా, దీన్ని ఇత్తింది నువ్వా?"

"నేను గాదు."

"నీళ్లు పోసింది నువ్వా?"

"నేను గాదు."

"కావలి కాసింది నువ్వా?"

"నాకేం పని? నేను గాదు!"

"నీ జొన్నకు అడ్డమొచ్చిందంతా పీకిన. ఈ ఒక్క మూల, చేసినాయనకు ఉండనియ్యి."

మొదటి ఏడు పెద్దయ్య నవ్వాడు. రెండో ఏడు కసిరాడు. మూడో ఏడు, "రేపటి సంది పనికి రాకు" అన్నాడు. ఆ మూలను తానే దగ్గరుండి పీకించాడు. అప్పటికే గింజ రాలిపోయిందని ఆయనకు తెలియలేదు.

ఆ వాడలో ఏటా కోతపండుగ చేసేవారు. ఒకరు జొన్నకంకులు, ఒకరు గుమ్మడికాయ, ఒకరు కోడిపుంజు తెచ్చి దేవుని ముందు పెట్టేవారు. లేయమ్మ గడప దాటేది కాదు. వట్టి చేతులు కొంగులో దాచుకుని, "తండ్రీ, నీకియ్యనీకి నా కాడ ఏమున్నది?" అనుకునేది. 

ఆ మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. జొన్న మోకాలెత్తు కూడా లేవకుండా ఎండిపోయింది. గరిసెల అడుగున మిగిలిన గింజలు ఊడ్చుకున్నారు. పసిపిల్లలు ఏడ్చే ఓపిక లేక ఊరుకున్నారు. అంతా అయిపోయాక ఒక్క వాన పడింది. జొన్నకు అది పనికిరాలేదు.

కోతపండుగ రోజు వచ్చింది. ఒక్కరి చేతిలోనూ ఏమీ లేదు. ఇస్సాకు పెద్దయ్య తల వంచుకుని, "ఈసారి పండుగ లేదు. దేవునికి వట్టి చేతులు ఎట్ల సూపిస్తం?" అన్నాడు.

అప్పుడు లేయమ్మ గడప దాటింది. నెత్తిన గంప ఉంది. గంప దించితే గుడంతా పచ్చి వాసన వేసింది. గురుగు కూర, తుమ్మి కూర, దొగ్గలి కూర, ఆకు మీద మంచు ఇంకా ఆరలేదు.

"ఇది ఏ చేన్లది?" అన్నాడు పెద్దయ్య.

"నీ చేన్లదే. వచ్చి సూడు."

జొన్న ఎండినప్పటి నుంచి ఎవరూ చేల వైపు పోలేదు; ఇప్పుడు అందరూ పోయారు. చూసి గట్టు మీదే ఆగిపోయారు. ఎండిన జొన్న మొదళ్ల మధ్య చేను ఈ చివర నుంచి ఆ చివరకు పచ్చగా ఉంది. ఆ మూల గింజను గాలి కొంత మోసింది, చీమలు కొంత మోశాయి, పిట్టలు కొంత మోశాయి. వాటిలో ఏదీ కూలి అడగలేదు. ఎక్కడ అడుగు వేస్తే ఏ మొక్క నలుగుతుందోనని మగవాళ్లు చెప్పులు విడిచారు.

ఇస్సాకు పెద్దయ్య అందరి వైపు తిరిగాడు. "ఇత్తింది ఎవరు?"

"నేను గాదు" అన్నారు అందరూ.

"నీళ్లు పోసింది ఎవరు?"

"నేను గాదు."

"కావలి కాసింది ఎవరు?"

"నేను గాదు."

"మరెవరు?"

అడుగుతూనే పెద్దయ్య మోకాళ్ల మీద పడ్డాడు. "లేయమ్మా, నిన్ను పనికి రావద్దన్న నోరిది" అని ఏడ్చాడు. ఆమె ఆయన తలపాగా సర్ది, "లే పెద్దయ్యా, పిల్లలకు ఆకలైతున్నది" అంది.

మళ్లీ వానలొచ్చేదాకా వాడ మొత్తం ఆ కూరతోనే బతికింది. ఒక్క పసిబిడ్డ కూడా పోలేదు. వానలు మొదలైన వారానికి లేయమ్మే పోయింది. పెద్దయ్య తన చేనులో, ఆ మూలలోనే, తన చేతులతో గొయ్యి తవ్వాడు.

ఇప్పటికీ ఆ ప్రాంతంలో కలుపు తీసేవాళ్లు ప్రతి చేనులో ఒక మూల వదిలేస్తారు. దాన్ని లేయమ్మ మూల అంటారు. రైతు ఏమన్నా గొణిగితే, "లేయమ్మను పిలవాల్నా?" అని నవ్వుతారు. కోతపండుగ నాడు గుడిలోకి మొదట వచ్చేది ఎవరూ విత్తని కూర గంపే. కూలి చేసే ముసలమ్మ ఒకామె ముందుకొచ్చి ఆ మూడు ప్రశ్నలు అడుగుతుంది. గుడంతా మూడుసార్లు "నేను గాదు" అంటుంది.

ఆమె నాలుగో మాట అడుగుతుంది. "మరెవరు?"

దానికి ఎవరూ జవాబు చెప్పరు. చంటిపిల్లలు కూడా ఊరుకుంటారు. బయట చేలలో ఆకులు కదిలే చప్పుడు వినబడేదాకా అట్లాగే ఉంటారు. అది విన్నాకే పాట ఎత్తుకుంటారు.