అసిరమ్మ అడుగులు

అనగా అనగా, మీ ముత్తవ్వకు ముత్తవ్వ పాలు తాగే రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక కామందు. ఆయనకొక మడి. ఎంత పెద్ద మడి అంటే, పొద్దున్నే ఈ గట్టున నారు పట్టుకుని దిగితే అవతలి గట్టు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది.

ఆ మడిలో ఊడ్పులకు ముప్పైమంది ఆడవాళ్ళు దిగేవారు. వంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ నాటేవారు. మధ్యలో ఎవరూ నిలబడకూడదు. నాటేటప్పుడు ఆడది నడుం ఎత్తితే ఆ చోట పైరు కోతకు ముందే పడిపోతుందని ఊరందరి నమ్మకం. అందుకని వంగిన నడుం వంగినట్టే ఉండాలి. విరిగిపోతున్నా ఉండాలి. గట్టుమీద బిడ్డ ఏడుస్తున్నా ఉండాలి.

ఆ ముప్పైమందిలో ఒకతె అసిరమ్మ. పొట్టి మనిషి. గుడిసె తప్ప ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక జబ్బు. ఏ సంగతైనా తెలుసుకుంటే గానీ ఆమెకు నిద్ర పట్టదు. చీమలు బారులుగా ఎక్కడికి పోతున్నాయో చూద్దామని వెంటబడి, పొయ్యిమీద అంబలి మాడ్చుకునే రకం.

ఆమె పక్కన నాటేది తవిటమ్మ. కిందటేడు ఊడ్పుల్లో తవిటమ్మ తొలిబిడ్డ తుమ్మచెట్టు ఉయ్యాలలో పాలకోసం ఏడ్చి ఏడ్చి, జ్వరం తగిలి పోయింది. తల్లి రొమ్ములు పాలతో తడిసిపోతున్నా నడుం ఎత్తలేదు. పైరు పడిపోతే ఊరంతా పస్తులుండాల్సి వస్తుందని భయపడింది. ఇప్పుడామెకు మళ్ళీ మూడో నెల.

"అప్పా, ఈ బిడ్డ కూడా అలాగే పోద్దేటో," అంది తవిటమ్మ, అక్క వరసైన అసిరమ్మతో, నాటుతూనే.

ఇక అసిరమ్మకు నిద్రెక్కడిది? నడుం ఎత్తితే పైరు నిజంగా పడిపోతుందా? చూసినవాళ్ళెవరు?

ఊళ్ళో పెద్ద ముసలమ్మను అడిగింది. మా అమ్మ చెప్పింది అందామె. నాగళ్ళు చేసే వడ్రంగిని అడిగింది. అందరూ అనే మాటే కదా అన్నాడతను. చివరికి కామందునే అడిగింది. మా తాత చెప్పాడన్నాడాయన.

"తాతగారు ఎన్నేళ్ళు నాటారు బాబూ?"

కామందు గుడ్లురిమి చూశాడు. ఆ తాత పుట్టి బుద్ధెరిగాక మడిలో కాలు పెట్టినవాడు కాదు.

మరునాడు కామందు గట్టుమీద గొడుగు కింద కూర్చున్నాడు. గాలికి చుట్ట వెలగక అటు తిరిగాడు. అసిరమ్మ నడుం ఎత్తి నిలబడింది. చోటు గుర్తుండాలిగా మరి, తన రెండు పాదాలు ఆనిన మేర నారు పెట్టకుండా వదిలేసింది. రెండో చుట్టకు అటు తిరిగాడు. మళ్ళీ నిలబడింది, మళ్ళీ చోటు వదిలింది. మూడో చుట్టకూ అంతే.

తవిటమ్మ వంగిన నడుం వంగినట్టే గుసగుసలాడింది. "పడిపోతే నిన్ను ఊళ్ళో ఉండనిత్తారా అప్పా?"

"పడిపోతే నానే సెప్తాను, లెగవకండర్రా అని."

పైరు పెరిగింది. పొట్టకొచ్చింది. కంకి వేసింది. పనున్నా లేకపోయినా అసిరమ్మ రోజూ వెళ్ళి ఆ మూడు చోట్లూ చూసి వచ్చేది. కోతలు వారం ఉన్నాయనగా గాలీవానా ముంచుకొచ్చింది. వెలిశాక ఊరంతా మడి దగ్గరికి పరుగెత్తింది. ఏటివైపు పైరు చాప పరిచినట్టు పడి ఉంది. అసిరమ్మ ఆ పడినదాంట్లో తన గుర్తుల కోసం వెతికింది. ఒక్కటీ లేదు. మూడూ నిలబడ్డ పైరులోనే ఉన్నాయి. ఆ ఖాళీల చుట్టూ దుబ్బులు వెలుతురు తగిలి ఇంకాస్త బలంగా కూడా ఉన్నాయి.

అసిరమ్మ బురదలో కూలబడి నవ్వింది. అంతలో తవిటమ్మ తొలిబిడ్డ గుర్తొచ్చి ఏడ్చింది.

కోతనాడు ఆ ఖాళీలు కామందు కంటపడ్డాయి. ఎవరిదీ పని అని అడిగాడు.

"నానే బాబూ. మూడు సోట్ల నిలబడ్డాను. నాను నిలబడ్డకాడ పైరు నిలబడ్డాది. అందరం వంగినకాడ పడిపోనాది."

తక్కిన ఇరవైతొమ్మిదిమందీ విన్నారు. వచ్చే ఏడు నా మడిలో కాలు పెట్టకు అన్నాడు కామందు.

వచ్చే ఏడు రానే వచ్చింది. అసిరమ్మ మడిలో కాలు పెట్టలేదు. గట్టున కూర్చుని తవిటమ్మ కూతురికి ఉయ్యాల ఊపుతోంది. మడి సగానికి వచ్చేసరికి పిల్ల ఏడ్చింది. తవిటమ్మ చేతిలో నారు ఆగింది. ఆమె నడుం ఎత్తింది. పక్కామె ఎత్తింది. ఆ పక్కామె ఎత్తింది. ఇరవైతొమ్మిదిమందీ నిటారుగా నిలబడ్డారు. తవిటమ్మ బురదకాళ్ళతోనే గట్టెక్కి పిల్లను రొమ్ముకు అదుముకుంది.

కామందు నోరు తెరిచాడు. కానీ నారు ముదిరిపోతోంది, నాటే చేతులు ఇవే. నోరు మూసుకుని చుట్ట వెలిగించుకోవడానికి అటు తిరిగాడు. ఆ చుట్ట వెలగడానికి చాలాసేపు పట్టింది. అసిరమ్మ లేనిదే మడిలో దిగేది లేదని ఆడవాళ్ళు మరునాడు గట్టుమీదే కూర్చుంటే, ఆమెకు ఆయనే కబురు పంపాడు.

అసిరమ్మ ఆ మడిలోనే నాటి నాటి ముసలిదైంది. పోయేనాటికి నడుం పూర్తిగా వంగిపోయింది. తవిటమ్మ కూతురు ఆమెను పాడెమీద జాగ్రత్తగా, తిన్నగా పడుకోబెట్టింది.

ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డున ఊడ్పుల్లో మడికి మూడు చోట్ల రెండు పాదాల మేర నారు పెట్టరు. అసిరమ్మ అడుగులంటారు వాటిని. అక్కడికి రాగానే అందరూ నడుం ఎత్తి నిలబడతారు. పాలిచ్చే తల్లి గట్టెక్కుతుంది. ఆమె తిరిగి వచ్చేదాకా ఎవరూ వంగరు. ఈ ఖాళీ ఎందుకని ఏ పిల్లయినా అడిగితే మాత్రం వాళ్ళు చెప్పరు.

"దిగి నాటు," అంటారు. "ఇక్కడికొచ్చేతలికి నీకే తెలుస్తాది."