ఆటగుంటలమ్మకు జోడు

ఆటగుంటలమ్మ గుట్టెక్కిన భక్తులను పూజారి ముందుగా అడిగేది కొబ్బరికాయ కాదు, జోడు. ముక్కూమొహం తెలియని మనిషితో కూర్చుని, బండలో తొలిచిన వామనగుంటల్లో ఒక ఆట ఆడితేగాని ఇక్కడ దర్శనం లేదు. గర్భగుడిలో అమ్మవారు కూడా చెంపన చెయ్యి చేర్చుకుని ఆ గుంటలవైపే చూస్తూ ఉంటుంది.

పూర్వం ఇక్కడ కొంరవ్వ అనే పిల్ల మేకలు కాసేది. కింద ఊళ్లో దొర ఉండే గడిలో అతని కూతురు సుభద్రకు వెండిపూల వామనగుంటల పీట ఉండేది గాని, ఎదురుగా కూర్చుని ఆడే సాటివాళ్లే లేరు. ఒకనాడు పీట చంకన పెట్టుకుని గుట్టెక్కి, కొంరవ్వను ఆటకు పిలిచింది. ఆ వెండిని ముట్టుకోవడానికి కొంరవ్వకు భయం. అందుకని ఇద్దరూ రాళ్లతో బండనే గీకి గీకి గుంటలు తొలిచారు. చింతగింజలు పోశారు. ఇక చూడాలి వారి సంబరం!

"చిన్న దొరసానీ, నువ్వు ఓడినవ్!"

"దొరసాని అంటే నేను ఆడను. పేరు పెట్టి పిలువు!"

"సుభద్రా!" అని కొంరవ్వ సంతోషం పట్టలేక గొంతెత్తి అరిచింది. ఆ కేక గడిలో దొర చెవిన పడింది.

దొర మండిపడ్డాడు. మనుషులను పంపి గుంటలను సున్నంతో పూడ్పించాడు. "తెల్లారేసరికి మంద తోలుకొని ఊరు దాటాలె" అని కొంరవ్వ తండ్రికి హుకుం చేశాడు. కొంరవ్వకు ఏడుపు ఆగలేదు. ఊరు పోతే పోయింది, సుభద్ర మళ్లీ కనబడదే!

పొద్దు పొడవకముందే ఆమె చివరిసారి గుట్టెక్కింది. తీరా చూస్తే సుభద్ర అప్పటికే అక్కడ కూర్చుని గోళ్లతో సున్నం పెకలిస్తోంది.

"కలల ఒక చిన్నపిల్ల అగుపడ్డది కొంరీ! 'మీ ఆట రోజూ చూస్తున్న, సగంల ఆపితే ఎట్ల?' అని నన్ను గద్దించింది. జల్ది కూసో!"

ఇద్దరూ ఆడారు. చివరి గింజ పడిందో లేదో, గుంటలో నీళ్లు ఉబికాయి! పక్కనున్న ఉత్త బండలో చెంపన చెయ్యి చేర్చుకున్న పిల్ల రూపు తేలింది.

అంతలో కూతురిని వెతుక్కుంటూ దొర రొప్పుతూ వచ్చాడు. అది చుక్క నీరు దొరకని కరువుకాలం. అతని నాలుక పిడచకట్టుకుపోయింది. కొంరవ్వ గుంటలోని నీళ్లు ముంచి దోసిలి చాచింది. కొంరవ్వ ఇంటివాళ్లు ముట్టిన నీళ్లు దొర ఎన్నడూ తాగి ఎరుగడు. సుభద్ర ముందుకు వచ్చి, ఆ దోసిట్లో తాను ఒక గుక్క తాగి, తండ్రి వంక చూసింది.

దొర వంగాడు. తాగాడు.

"నీ పేరేంది బిడ్డా?"

"కొంరవ్వ."

"కొంరవ్వా, ఇంకో దోసెడు పొయ్యి."

ఆ మంద ఊరు దాటలేదు.

నేటికీ ఈ గుంటల దగ్గర దొరా, అయ్యా, సారూ చెల్లవు, పేరే పిలుపు. గెలిచినవారు ఓడినవారికి ఆ గుంట నీళ్లు దోసిలితో పోస్తారు. అలా కలిసిన జోడు కలకాలం విడిపోదని భక్తుల నమ్మకం. జోడు దొరకనివారిని కూడా వెనక్కి పంపరు. నేరుగా అమ్మవారి ఎదుటే ఆటకు కూర్చోబెడతారు. ఆనాటి నుంచి ఆ తల్లి తన వంతు కోసమే చూస్తోంది మరి!