నక్క చెవికి అందని కబురు

గుట్టకు ఆనుకుని ఒక గుర్రాల దొడ్డి. దొడ్డిలో నామాలు అనే ఆడగుర్రం, దాని పక్క గుంజకు సుంకులవ్వ అనే ముసలి గాడిద. నామాలు కొట్టంలో దూలం మీద ఆరు కోళ్లు. గుట్ట మీద జంబయ్య అనే నక్క.

కోళ్లకూ జంబయ్యకూ మధ్య అడ్డుగా ఉన్నది తడిక కాదు, నామాలు వెనక కాళ్లు. కిందటేడు ఆ కాళ్ల దగ్గర ఒక కోరపన్ను వదులుకుని వచ్చాడు జంబయ్య. అప్పటినుంచి బలం సంగతి మానేసి బుద్ధికి పదును పెట్టుకుంటున్నాడు.

ఈ వేసవిలో అతనికి మంచి కబురు అందింది. నామాలుకు రెండేళ్లుగా చూలు నిలవడం లేదు. మళ్లీ మగగుర్రంతో దాటించి పదిహేను రోజులైంది. పదహారో రోజు పొద్దున మగగుర్రాన్ని కొట్టం ముందున్న కంచె దాకా నడిపించుకు రావడం ఆ దొడ్డి ఆనవాయితీ. ఆడగుర్రం తోకెత్తి మెత్తగా నిలబడితే మళ్లీ ఎదకొచ్చినట్టు, కడుపు ఖాళీ. చెవులు వెనక్కి పెట్టి తన్నితే చూడి కట్టినట్టు. ఈసారీ ఖాళీ అయితే నామాలును ఇటుక బట్టీ బండికి అమ్మేస్తానని దొడ్డి ఆసామి నలుగురిలో అనేశాడు. బట్టీకి పోయిన గుర్రం ఏడాది బతకదని దొడ్డిలో అందరికీ తెలుసు.

మనుషులు కునుకు తీసే మధ్యాహ్నం వేళ చూసి జంబయ్య దిగాడు.

"ఊరక రారు మహానుభావులు" అంది దూలం మీద నుంచి చుక్కల కోడి.

జంబయ్య నామాలు వైపు తిరిగాడు. "ఏం వదినా, దిగాలుగా ఉండావు?"

"రేపే గదా జంబయ్యా. కడుపులో ఏమన్నా ఉందో లేదో నాకే తెలీడం లేదు."

"ఇంతేనా? మూడు బారల లోతున ఎలకపిల్ల మూలిగినా పట్టే చెవి నాది. కదలకుండా నిలబడు, చెప్తా."

మామూలు రోజైతే నామాలు వాణ్ణి గడప తొక్కనిచ్చేది కాదు. భయంలో ఉన్నవాళ్లకు ఎవరైనా వైద్యుడే. కదలకుండా నిలబడింది. జంబయ్య ఎడమ డొక్కకు చెవి ఆనించి నిజంగానే విన్నాడు. ఉలవల గుడగుడ తప్ప ఏమీ లేదు. అబద్ధం చెప్పే శ్రమ తప్పినందుకు లోపల్లోపల సంతోషించాడు.

"ఉలవలు తప్ప ఇంట్లో ఎవరూ లేరు వదినా. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అట్లుంది మీ ఆశ."

నామాలు కళ్లు నిండాయి. "అయితే నన్ను బట్టీకి తోలేస్తారు."

"నేనుండగానా? రేపు మగగుర్రం వస్తే కసురుకోబాకు. మర్యాదగా నిలబడు. ఇంత సాధు గుర్రాన్ని అమ్ముకోవడమెందుకని ఆసామే మనసు మార్చుకుంటాడు."

చెప్పాల్సింది చెప్పి, పోయినట్టే పోయి, గడ్డివామి చాటున నక్కి కూర్చున్నాడు.

"వాడు యాడ విన్నాడే?" అంది సుంకులవ్వ.

"ఎడమ పక్కన, అవ్వా."

"ఎడమ పక్కన వింటే ఏం తెలుస్తాది! మన జాతుల్లో తొమ్మిదో రోజు మొదలు పదహారో రోజు దాకా బిడ్డ ఒకచోట కూర్చోదు. ఆవగింజంత ఉన్నప్పుడు బయలుదేరి, రేగ్గాయంత అయ్యేదాకా దొర్లుతానే ఉంటాది. పెళ్లికి పిలవబోయినట్టు లోపల గోడగోడకూ పోయి తన తడితో బొట్టు పెట్టొస్తాది, నేనుండానని. ఒక్క గోడ మరిచిందా, ఆ గోడ అలిగి పెళ్లే చెడగొడతాది. పిలుపు అందిన గోడేమో బిడ్డకు పాలలాంటి తడి ఊరుస్తాది. అరుపులుండవు, కేకలుండవు."

"రేపు నేనేం చేయాల? నిలబడాలా, తన్నాలా?"

"నువ్వేం చేయబాకు. గోడలకు అందిన కబురు కాళ్లకు అందకపోదు."

"అసలు అందకపోయుంటే?"

సుంకులవ్వ దవడ ఆడించడం ఆపింది. "అప్పుడు నీకూ నాకూ చేతనయ్యేది ఏమీ లేదే అమ్మీ."

వామి చాటున జంబయ్య నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకున్నాడు. ఆవగింజ ఊరేగుతుందంట, గోడలకు బొట్టు పెడుతుందంట! తన చెవి విననిది లోకంలో ఉంటుందా?

మర్నాడు పొద్దున్నే మగగుర్రం వచ్చింది. కొట్టం బయట నిలబెట్టిన నామాలు తల కంచె వైపు, వెనక భాగం కొట్టం గుమ్మం వైపు. అందరి చూపులూ ముందే ఉన్నాయి. కోళ్లను ఇంకా వదల్లేదు. ఎదకొచ్చిన గుర్రం తన్నదు కాబట్టి, జంబయ్య దొంగలా కాక అల్లుడిలా తీరిగ్గా నామాలు వెనక్కి వచ్చాడు. గుమ్మంలో ఆగి, తలెత్తి, ఏ కోడి బలిసి ఉందా అని ఎంచుకుంటున్నాడు.

మగగుర్రం మెడ చాచి సకిలించింది. నామాలు మర్యాదగానే నిలబడదామనుకుంది. నిలబడలేకపోయింది. ఆ వాసన ముక్కుకు తగలగానే ఒళ్లంతా రోత పుట్టింది. చెవులు వెనక్కి పోయాయి. కీచుమని అరిచి రెండు కాళ్లూ ఎత్తి వెనక్కి విసిరింది.

జంబయ్య కొట్టం పక్క దడి మీదుగా పోయి వామిలో పడ్డాడు.

"చూడి కట్టింది! ఇంకెవడికీ అమ్మను!" అని ఆసామి గంతులేసి బెల్లం ముక్క తేవడానికి ఇంట్లోకి పరుగెత్తాడు. నామాలు ఏడ్చింది. ఈసారి సంతోషంతోనే.

మూడో నాడు మేతకు పోతూ సుంకులవ్వ గుట్ట దగ్గర ఆగింది. జంబయ్య దవడకు ఆకు కట్టుకుని కూర్చున్నాడు. ఇంకో కోరపన్ను కూడా ఊడిపోయింది.

"నేను విన్నప్పుడు లోపల ఎవరూ పలకలేదవ్వా" అన్నాడు నోరు పూర్తిగా తెరవలేక.

"నీకెందుకు పలుకుతాది నాయనా? ఆ బిడ్డ పిలవాల్సిన ఇళ్లలో నీ ఇల్లు లేదు" అని సుంకులవ్వ మేతకు పోయింది.

చెవికి అందని కబురు లేనేలేదనుకునేవాడికి, అది దవడకు అందుతుంది.