లోవయ్య పరిచిన పసుపు దారి

అనగా అనగా, గాలి వీస్తే తప్ప ఓడ కదలని రోజుల్లో, గోదారి సముద్రంలో కలిసేచోట ఒక రేవు ఉండేది. ఆ రేవులో పేరయ్య అనే సరంగు ఉండేవాడు. ఓడలో పనివాళ్ళందరికీ ఆయనే పెద్ద. నోరు పెద్దదే గాని గుండె కూడా పెద్దదే అనేవారు జనం. ఆయనా అలాగే అనుకునేవాడు.

ఓడ బయల్దేరే రోజున తల్లులందరూ రేవుకి వచ్చేవారు. మా గంగులు జాగ్రత్త, మా దానయ్య జాగ్రత్త అని ఒక్కొక్కరే తమ బిడ్డని అప్పగించేవారు. పేరయ్య వాళ్ళ చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చేవాడు. లోవయ్య అనే కుర్రాణ్ణి మాత్రం ఎవరూ అప్పగించేవారు కాదు. అతనికి నా అన్నవాళ్ళు లేరు. ఓడ అడుగున ఊరే నీళ్ళు తోడిపోయడం అతని పని. ఎప్పుడూ చీకట్లో, ఎప్పుడూ తడిలో. ఓడలో ఉన్నాడో లేడో కూడా చాలామందికి గుర్తుండేది కాదు.

ఒక ఏడు పెనుగాలి పట్టుకుంది. ఓడని దక్షిణానికి తోసింది, ఇంకా దక్షిణానికి తోసింది, సూర్యుడికే చలివేసే చోటికి తోసింది. అడుగు పలక విరిగి నీళ్ళు ఎగదన్నాయి. కిందికి ఎవరు దిగుతారని పేరయ్య అరిచాడు.

"ఆయ్, నేనెల్తానండి," అన్నాడు లోవయ్య.

దీవి ఒకటి కనబడేదాకా నీళ్ళు తోడుతూనే ఉన్నాడు. అక్కడ ఓడ రాళ్ళకి కొట్టుకుంది. తాడు పట్టుకుని ఒడ్డుకి ఎవరు ఈదుతారని పేరయ్య అడిగాడు.

"ఆయ్, నేనెల్తానండి."

ఆ తాడు పట్టుకునే అందరూ ఒడ్డున పడ్డారు. ఓడ ముక్కలై సముద్రంలో కొట్టుకుపోయింది.

ఆ దీవిలో చెట్టన్నది లేదు. మనిషన్నవాడు లేడు. పక్షుల గుడ్లు తిని, రాతిగుహలో ఒకరినొకరు ఆనుకుని బతికారు. నేలంతా పచ్చగా ఉండేది. ఆ పచ్చలో అక్కడక్కడా ఒక చిన్న పసుపు పువ్వు, నేలకి అతుక్కుని, నూనె రాసినట్టు మెరుస్తూ. లోవయ్య పొద్దస్తమానం దాని దగ్గరే కూర్చునేవాడు. నీకు పెళ్ళికూతురు దొరికిందిరా అని తోటివాళ్ళు ఆటపట్టించేవారు. అతను నవ్వి ఊరుకునేవాడు.

ఒకరోజు గుట్టెక్కి చూస్తే అవతలి ఒడ్డున ఒక ఓడ లంగరేసి ఉంది. అందరికీ ప్రాణం లేచివచ్చింది. ఒడ్డమ్మట పోదామంటే కొండ నిలువునా సముద్రంలోకి దిగి ఉంది. పొగ పెడదామంటే పుల్ల లేదు. అందరిలోకీ బలమైన గంగులు ఆ పచ్చిక మీదుగా పరుగెత్తాడు. అది పచ్చిక కాదు, ఊబి. చంకలదాకా దిగబడ్డాడు. తాడేసి లాగేసరికి సగం ప్రాణం పోయింది.

అంతలో పొగమంచు కమ్మేసింది. అది విడగానే ఆ ఓడ తెరచాప ఎత్తేస్తుంది. ఉండిపోతే రాబోయే చలికి ఒక్కడూ మిగలడు. ముందు ఎవరో ఒకరు నడిచి దారి చూడాలి. పేరయ్య ఒక్కొక్కరి ముఖం చూశాడు. ప్రతి ముఖం వెనకా ఒక తల్లి కనబడింది. లోవయ్య ముఖం వెనక ఎవరూ కనబడలేదు. వీడి గురించి నన్నెవరూ అడగరులే అనుకున్నాడు. పైకి అనలేదు గాని, చూపు అక్కడే ఆగిపోయింది.

లోవయ్యకి ఆ చూపు అర్థమైంది.

"ఆయ్, నేనెల్తానండి. ఆ పువ్వున్నచోటల్లా కింద నీళ్ళేనండి. ఆటిని పీకి గట్టినేల మీద ఎడతాను. పువ్వులు చూసుకుంటా నా ఎనకాల వచ్చెయ్యండి."

నడుముకి తాడు కట్టుకుని వెళ్ళాడు. తాడు అయిపోయింది. పేరయ్యే తన చేతిలోని కొస వదిలేశాడు.

కాసేపాగి అందరూ కదిలారు. పొగమంచులో ఒక పసుపు చుక్క. అక్కడ అడుగు నిలిచింది. ఇంకో చుక్క, మళ్ళీ ఇంకో చుక్క. గాలికి కొట్టుకుపోకుండా లోవయ్య ప్రతి మొక్కనీ మట్టిగడ్డతో సహా పెకలించి పెట్టాడు. అంటే ప్రతి పువ్వు కోసమూ వాడు ఊబిలోకి దిగాడన్నమాట. సగం దారిలో పేరయ్యకి ఆ సంగతి తట్టింది. అక్కణ్ణించి ఒక్క పువ్వునీ తొక్కకుండా నడిచాడు.

అవతలి ఒడ్డున గులకరాళ్ళ మీద లోవయ్య పడి ఉన్నాడు. మెడదాకా బురద. ఒళ్ళు చల్లబడిపోయింది. పిడికిట్లో ఆఖరి పువ్వు ఇంకా ఉంది.

అతన్ని అక్కడే పూడ్చి చుట్టూ ఆ మొక్కలు నాటారు. నీళ్ళు లేకపోతే అవి బతకవు కదా. పేరయ్య దోసిళ్ళతో తెచ్చి పోశాడు. ఓడవాళ్ళు పిలుస్తున్నా పోస్తూనే ఉన్నాడు.

చాలాకాలానికి అందరూ రేవుకి చేరారు. ఏ తల్లి బిడ్డని ఆ తల్లి వాటేసుకుంది. పేరయ్య ఇచ్చిన మాటలన్నీ తీరిపోయాయి. ఆయన మాత్రం ఇసుకలో కూలబడ్డాడు.

"ఇంకొకడున్నాడమ్మా," అన్నాడు. "ఆడి గురించి కూడా నన్నడగండి. ఒక్కరైనా అడగండి."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. గంగులు తన తల్లి నూకాలు చెవిలో ఆ పేరు చెప్పాడు. ఆమె కొడుకుని వదిలి వచ్చింది. పేరయ్య చెయ్యి పట్టుకుంది.

"మా లోవయ్యేడయ్యా?" అంది.

అప్పుడు పేరయ్య బావురుమన్నాడు. జరిగిందంతా చెప్పాడు. తన చూపు సంగతి కూడా దాచలేదు.

ఆ పువ్వుని మనవైపు ఎవరూ చూడలేదు. మన ఎండకి అది బతకదు. అయినా ఆ రేవు పల్లెలో పడవలు సముద్రం మీదికి వెళ్ళే రోజున, ఆడవాళ్ళు గడప నుంచి రేవుదాకా తడిమట్టి ముద్దలు పెడతారు, ఒక్కోదాని మీద చిటికెడు పసుపు వేసి. అక్కడ పడవ పెద్ద చెయ్యి పట్టుకుని, మా లోవయ్య జాగ్రత్త అంటారు. ఆయన వాళ్ళ చేతిలో చెయ్యి వేసి మాట ఇస్తాడు. ఆ తర్వాతే ఏ తల్లయినా తన కొడుకు పేరు చెబుతుంది.