రాచకాలువ ఎక్కడుంది?

"వచ్చే ఉగాదికల్లా ప్రతి వీధికీ మురుగుకాలువ తవ్విస్తాం" అని రాజుగారు చాటింపు వేయించారు. మూడు ఉగాదులు గడిచాయి. పొగమంచులో తేలే ఆ పట్నంలో కాలువ కలగానే మిగిలింది.

ఒక ఉదయం జలాధికారి సింగరాజు నాంచారమ్మ పూటకూళ్ల ఇంటిని తనిఖీ చేసి, కాలువల పటం ఆమె ముందు పడేశాడు.

"నీ మురుగు గొట్టం రాచకాలువలో కలవాలి. నియమం అందరికీ ఒక్కటే. నెలలో సరిచెయ్యకపోతే నీ పొయ్యి ఆర్పేస్తాం."

ఆమె పటం ప్రకారం కొత్త మట్టిగొట్టాలు వేయించింది. వాటి చివర సింగరాజు పెరట్లో తేలింది. మంచు కప్పిన మల్లెపొదల మధ్య గంజినీళ్లు నిద్రలో నడిచినట్టు మెల్లగా పారాయి.

"ఏమిటే ఈ అఘాయిత్యం?" అని సింగరాజు అరిచాడు.

"పటంలో కాలువ ఇక్కడే ఉందయ్యా. తవ్వడం పూర్తయిందని కింద మీ ముద్రే ఉంది."

అతను పటం లాక్కుని కింది ముద్ర వంక చూశాడు.

"కాలువ ఉంటే నా గొట్టం సరైనదే, పొయ్యి వెలగనివ్వండి. లేకపోతే లేదని రాసివ్వండి, రాజుగారికి చూపిస్తాను. అందాకా నీళ్లు ఇలాగే పారతాయి. ఏ సంగతో మీరిచ్చిన గడువు తీరే కార్తీక పౌర్ణమిలోగా చెప్పండి."